పదిహేనా, పన్నెండా

మా ఇంట్లో రెండేళ్లుగా తెగని పంచాయితీ ఒకటుంది. పాతకాలపు మిడిల్‌వెయిట్ బాక్సింగ్ చాంపియన్ ఒకడు, ఇప్పటి చాంపియన్ ఒకడు. ఇద్దరూ ఒకే రింగులో దిగితే గెలిచేది ఎవరు? ఆ పాతాయన, మా బావ లాగులు తొడుక్కునే రోజుల్లోనే ఆట మానేశాడు. కొత్తాయన మా ఆయన ఫోన్‌లో ఉంటాడు. మెదక్ అనే ఊరు ఒకటుందని ఆ ఇద్దరికీ తెలియదు. అయినా వాళ్ల కోసం మా ఇంట్లో అన్నం చల్లారిపోతుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

బావ అంటే మా ఆయనకు అన్న. మిలిటరీలో ఉన్నప్పుడు అదే బరువులో పోటీలకు దిగిన మనిషి. రిటైరై వచ్చాక పొద్దున్నే స్కూలు గ్రౌండులో పిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్నాడు. మా ఆయనది మోటార్ వైండింగ్ షాపు. దోమను తప్ప దేన్నీ కొట్టి ఎరగడు.

"గా పాతాయన ముంగట నీ కొత్తోడు ఆరు రౌండ్లు గూడ నిలవడు. గప్పట్ల పదిహేను రౌండ్లు కొట్టుకుంటుండె" అంటాడు బావ.

"గప్పటి లెక్క వేరే అన్నా. గిప్పుడు తిండి వేరే, ట్రైనింగ్ వేరే. మనోడు మస్తు ఫాస్టుంటడు" అంటాడు ఈయన.

ఎవరు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పళ్లేలు ఎత్తుకుంటూ నేను లోలోపల తిట్టుకునేదాన్ని గానీ, నిజం చెప్పాలంటే ఆ గొడవ నాకు కొంత నిమ్మళంగానే ఉండేది. ఆ ఇద్దరూ ఎన్నటికీ ఎదురుపడరు. ఎవరి ముక్కూ పగలదు, ఎవరి తల్లీ ఏడవదు.

మా బిడ్డ ఆ నిమ్మళం లేకుండా చేసింది. డిగ్రీ చదువుతోంది. ఒళ్లు తగ్గుతుందిలే అని నేనే వాళ్ల పెద్దనాన్న దగ్గరికి పంపాను. తీరా ఒకరోజు వచ్చి, పోటీకి పేరిచ్చానంది. మా ఊళ్లోనే, ఆ స్కూలు గ్రౌండులోనే, తూప్రాన్ పిల్లతో.

పోటీకి ముందురోజు మధ్యాహ్నం అందరం అన్నానికి కూర్చున్నాం. రేపటి మాట ఎవరూ ఎత్తలేదు. అన్నదమ్ములు మళ్లీ ఆ ఇద్దర్నే రింగులోకి దింపారు. ఈసారి తగువు రూల్స్ దాకా వచ్చింది. ఎవరి కాలం రూల్స్ పెట్టాలి? పదిహేను రౌండ్లని బావ, పన్నెండని మా ఆయన. నాకు ఒళ్లు మండింది. ఈ గొడవ ఎట్లాగైనా ముగించాలని, "పదిహేనున్నయి పన్నెండెట్లయినయి బావా? జర చెప్పుండ్రి" అని అడిగాను.

బావ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మా ఆయన మంచినీళ్లకని లేచాడు. చెంబు నిండుగా ఆయన ముందే ఉంది.

"ఆఖరి రౌండ్లల్ల ఒకాయన దెబ్బలు తిని పడిపోయిండమ్మా. మళ్ల లేవలే, సచ్చిపోయిండు. గందుకే తగ్గించిండ్రు" అంది మా బిడ్డ, బస్సు లేటని చెప్పినంత మామూలుగా.

అందరికీ తెలుసన్నమాట. నాకొక్కదానికే తెలియదు. "నువ్వు రేపు పోవద్దు" అన్నాను. మాది మూడే రౌండ్లమ్మా, తలకు గార్డుంటది అంటూ అది బతిమాలింది. నేను వినలేదు. ఏడ్చాను, అరిచాను, పస్తుంటానన్నాను. చివరికి బావ మధ్యలోకి వచ్చాడు.

"నా మాట ఇనమ్మా. రింగు మూలకు నేనుంట. నా చేతుల తువ్వాల ఉంటది. గది లోపలేస్తే ఆట బంద్. నువ్వు ముంగటనే కూసో. నీకెప్పుడు సాలనిపిస్తే గప్పుడు చెయ్యి లేపు, ఏసేస్త. ఎందుకని గూడ అడగ."

బిడ్డ సరేనంది. దానికి ఇష్టం లేదని మొహంలోనే కనిపించింది. అయినా ఒప్పుకుంది, నేను పంపుతానంటే చాలనుకుంది.

మర్నాడు షామియానా కింద మొదటి వరుసలో కూర్చున్నాను. మొదటి రౌండు ఎట్లాగో గడిచింది. రెండో రౌండులో తూప్రాన్ పిల్ల కుడిచేత్తో కొట్టిన దెబ్బ చప్పుడు నాకు వినిపించింది. నా బిడ్డ తల వెనక్కి ఊగిపోయింది. మోకాళ్లు వంగాయి. రిఫరీ అవతలి పిల్లను దూరంగా తోసి, వేళ్లు చూపిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

బావ నావైపు తిరిగాడు. తువ్వాలు పిడికిట్లో ఉంది. పదిహేను రౌండ్లని గొంతు చించుకునే మనిషి, లేపమ్మా, లేపు అని కళ్లతోనే అడుగుతున్నాడు. నేను లేపాలనే అనుకున్నాను. చెయ్యి లేవలేదు. ఒళ్లో అది ఎవరిదో చెయ్యిలా పడి ఉంది. అరుద్దామంటే నోరూ పెగల్లేదు. లెక్క ఎనిమిది దాకా వెళ్లింది. నా బిడ్డ గ్లవుజులు పైకెత్తి మళ్లీ ముందుకు నడిచింది.

అది పాయింట్ల మీద ఓడిపోయింది. వాచిన పెదవితో నవ్వుతూ వచ్చి నన్ను వాటేసుకుంది. బావ పదిమందిలో నన్ను పొగిడాడు. "నేనైతే ఏసేస్తుంటి. మా మరదలు గట్టిది, పోరిని నమ్మింది. ఈమెకు దండం వెట్టాలె" అన్నాడు. మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేను తల వంచుకుని దాని గ్లవుజులు విప్పాను. నేను దాన్ని నమ్మలేదు, భయంతో కొయ్యబారిపోయాను. ఆ దెబ్బే ఇంకొంచెం గట్టిగా తగిలి ఉంటే బావ నా చేతికేసి చూస్తూ నిలబడేవాడు, నేను ఇట్లాగే కూర్చుని ఉండేదాన్ని.

వచ్చే నెల ఇంకో పోటీ ఉంది. ఒప్పందం అదే. ఎవరూ లేనప్పుడు వంటింట్లో నిలబడి చెయ్యి లేపి చూసుకుంటాను. ఇక్కడ బాగానే లేస్తుంది.

నిన్న దాని తలకు నూనె పెడుతూ అడిగాను, "భయమైతలేదా బిడ్డా?" అని.

"భయమెందుకమ్మా? సాలనిపిస్తే నువ్వు చెయ్యి లేపుతవ్ గదా" అంది.