మేనత్త పాలు

మొన్న జడ్చర్లలో మా వీధి చివర కడుతున్న మేడ దగ్గర, సిమెంటు బస్తాల చాటున పసిపిల్ల ఒకతే పాలసీసా పట్టుకొని తాగుతుంటే కాసేపు నిలబడి చూశాను. తల్లి పైన ఇటుకలు అందిస్తోంది. మన ఈడు వాళ్లకు చెప్పక్కరలేదు, మన రోజుల్లో పనిచోట సీసాలెక్కడివి.

మాది కొల్లాపూర్ పక్క పల్లె. వానలు మొహం చాటేసిన ఏడల్లా మేస్త్రి వెంట గుంపుగా బయలుదేరి, చెరువు కట్టలు పోస్తూ, కాలువలు తవ్వుతూ భువనగిరి దాకా నడిచిపోయేవాళ్లం. పిల్ల ఏడ్చినప్పుడల్లా తల్లి తట్ట దించితే పని సాగదు కనుక, బాలింతల్లో పూటకొకరు గట్టున కూర్చొని అందరి పిల్లలకూ పాలిచ్చేవారు. నేను అలాంటి గట్టునే పుట్టానట. అమ్మకు జ్వరం తగిలి పాలు ఎండిపోతే, నాయిన చెల్లెలు, అంటే మా మేనత్త, తన చంటివాడితో పాటు నన్నూ ఆరు నెలలు సాకింది.

ఆమె పెద్దకొడుకు నాకు వరసైన బావ. పెద్దయ్యాక మట్టి అతను తవ్వితే తట్ట నేను మోసేదాన్ని. మా ఇద్దరికీ పెళ్లని గుంపంతా అనుకునేది. నేను వాళ్లకంటే ముందే అనుకున్నాను. తీరా నాయిన మాట కదిపితే అత్త అడ్డం తిరిగింది.

"నా పాలు తాగిన పిల్ల నాకు బిడ్డయితది గని కోడలెట్లయితదన్నా?"

"గట్లయితే గుంపుల ఎవ్వరికీ లగ్గం కాదు గదనే చెల్లె," అన్నాడు నాయిన.

"పూట పాలు వేరే. ఆరు నెలల పాలు వేరే."

అది ఏ శాస్త్రంలో ఉందో నాకిప్పటికీ తెలియదు. బావ తల వంచుకొని మట్టి తవ్వుతూనే ఉన్నాడు. ఆ పాలు తాగకుండా చచ్చిపోయినా బాగుండేదని అమ్మతో అన్నాను. అమ్మ చెంప మీద కొట్టింది. ఆమె నన్ను కొట్టింది ఆ ఒక్కసారే.

నన్ను భువనగిరి దిక్కు ఇచ్చారు. తొలి కాన్పు నాటికి అమ్మ లేదు. పిలవకుండానే మేనత్త అంత దూరం నడిచి వచ్చి, తల్లి చేయవలసినవన్నీ చేసి, నెల తిరిగాక వెళ్లిపోయింది. ఆమె మీద నా కోపం అప్పుడు పోయింది. బావ మీద ఆశ మాత్రం అంత తొందరగా పోలేదు.

ఈమధ్య మా మనవరాలిని చూడటానికి వచ్చినవాళ్లు జీతం అడిగారు, జాతకం అడిగారు. పిల్ల ఎవరి పాలు తాగి పెరిగిందని ఎవరూ అడగలేదు. ఆ ఒక్క మాటతోనే నా మనసులోని మనిషి నాకు కాకుండా పోయాడు, అయినా ఎవరూ అడగలేదని బాధేసింది.