ఉమ్మడి పళ్లెంలో నా చెయ్యి

నాలుగేళ్ల కిందట పంజాగుట్టలో ఆరుగురి భోజనాన్ని ఒక్క చెంబు నీళ్లతో ముంచేశాను. నవ్వండి, ఫరవాలేదు. నాకిక పోయే పరువేమీ లేదు.

మాది ఒకప్పటి జమీందారీ. మిగిలినవి అమీర్‌పేటలో రెండు అద్దె గదులు, నా నిటారు వెన్ను. ఉద్యోగం అడగడం నామోషీ అనుకుని ఆ గదుల్లో బోనులో పులిలా తిరిగేవాణ్ని. పులైనా కాసేపు పడుకుంటుంది, నాకు అదీ లేదు! అప్పుడే దక్షిణ సూడాన్ బడుల్లో స్వచ్ఛంద సేవ గురించి తెలిసింది. సేవ అంటే నామోషీ కాదు. పైగా ఆ దేశం 2011లో పుట్టింది, నాకంటే చిన్న వయసుది, పెద్దరికం చెయ్యవచ్చు.

ఎంపికకు ముందు పంజాగుట్టలో ఒకరోజు శిక్షణ. అందులో తప్పితే మళ్లీ ఆ రెండు గదులే. నిర్వాహకులు యాదగిరి గారు. దక్షిణ సూడాన్ నుంచి చదువుకోవడానికి వచ్చి, అమీర్‌పేట హాస్టల్లో తెలుగు పట్టేసిన అచోల్ మాకు వాళ్ల పద్ధతులు నేర్పింది.

మధ్యాహ్నం పెద్ద పళ్లెంలో జొన్న సంకటి, నడుమ బెండకాయ కూర. చుట్టూ ఏడుగురం.

"అందరం గిదే పళ్లెంల తినాలె అన్నా," అంది అచోల్.

"వడ్డించేది ఎవరండీ?"

"నీ చెయ్యే!"

తిన్నానన్న మాటే గానీ ప్రాణమంతా ఫలితం మీదే. నాలుగు ముద్దలు మింగి, యాదగిరి గారిని అడిగేద్దామని తొందరపడ్డాను. భోజనం ముగిస్తే కంచంలోనే చెయ్యి కడగడం మా ఇంటి ఆనవాయితీ. చెంబు ఎత్తాను. వేలు వేలూ దర్జాగా కడిగాను.

"అన్నా, ఆగు! ఏం చేస్తున్నవ్?"

"చెయ్యి కడుగుతున్నానండీ."

"మేమింకా తింటున్నం కదనే!"

ఆరు చేతులు గాల్లో ఆగిపోయాయి. వరదలో దిబ్బలా సంకటి తేలుతోంది.

"మీ ఇంట్ల అందరు గిట్లనే కడుగుతరా సార్?" అన్నారు యాదగిరి గారు.

"మా తాతగారికైతే నీళ్లు పొయ్యడానికి ఇద్దరుండేవారండీ."

ఆ ముక్క మింగేసి ఉండాల్సింది.

తర్వాత మూడు రోజులు మెట్రో స్తంభాలన్నీ నన్ను గుర్తుపట్టేంతగా అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య తిరిగాను. నాలుగో రోజు యాదగిరి గారి ఫోను.

"సెలెక్టయిండ్రు సార్. అచోలే పట్టుబట్టింది."

వెన్ను మరింత నిటారైంది. "బడి పాలనకా అండీ?"

"కాదు సార్. పిల్లలకు చేతులు కడుక్కునుడు నేర్పనీకి. గంత మనసు పెట్టి కడిగెటోణ్ని ఆమె యాడ చూడలేదంట."

కనుక మా పూర్వీకుల సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: పళ్లెం చుట్టూ తలలు లెక్కపెట్టనిదే చెంబు ముట్టను. ఒక్క తలే ఉన్నా, అది నాదేనని రూఢి చేసుకుంటాను.