డ్రమ్ములో ప్రాణాలు

బాంబూఫ్లాట్ ఊళ్లో గవరయ్యంత జీవకారుణ్యం ఉన్న రైతు ఇంకొకడు లేడు. సునామీ అతని పొలాన్ని ఉప్పుమడి చేసి పోయాక, ఆ మట్టి బాగుపడటానికని రైతుల ట్రైనింగులో కంపోస్టు టీ నేర్పారు. ఎరువును నీళ్లలో నానబెట్టి, అందులో పెరిగే సూక్ష్మజీవుల్ని బతికుండగానే మట్టిలో పోయాలన్నారు. గవరయ్యకు బతికించడం వరకే నచ్చింది. డ్రమ్ముకి నీడ, మూతకి బదులు పల్చటి గుడ్డ, లోపలి వాటికి తిండికి బెల్లం, ఊపిరికి చేపలతొట్టి పంపు. పోయడం మాత్రం రోజూ రేపటికి వాయిదా. ఇంట్లో ఫ్యాను పాడైతే పట్టదు గానీ, ఆ పంపు ఆగితే విలవిల్లాడిపోతాడు. నిన్న కరెంటు పోయింది. చెమటలు కక్కుతూ కర్రతో కలుపుతూ, మధ్యమధ్య ముక్కు పెట్టి వాసన చూస్తూ డ్రమ్ము దగ్గరే నిలబడ్డాడు. భార్య అచ్చమ్మకి ఒళ్లు మండింది.

"అవి చచ్చేలోపు చేలో పోసీరాదా?"

"పాగల్ అయిపోనావేటే? ఆ ఉప్పులో అవెలా బతుకుతాయి?"

అచ్చమ్మ తెల్లగా ఉప్పు తేలిన పొలం వైపు చూసింది. "ఇన్నేళ్లూ అందులో మనం బతకలేదేటి?"

కర్ర ఒక్క క్షణం ఆగింది. అంతలోనే గవరయ్య గబగబా కలపడం మొదలెట్టాడు, పాపం, లోపల వాటికి ఊపిరాడదని.