రెండు వేళ్ల కంకర

ఇరవై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండు ముక్కల అబద్ధం. అంత చిన్నది ఇంత బరువెలా అయింది? మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నిజాంసాగర్ నీళ్లు బోధన్ పొలాలకు కొత్తగా పారుతున్న రోజులవి. మా ఆయన కాలువల కచేరీలో గుమాస్తా. పెద్ద దొర బంగళాలో అద్దాల తొట్టిలో చేపలు చూసొచ్చి చెప్పాడు. నాకూ కావాలన్నాను. బజారులో లాంతర్లు చేసే రహీం సాబు రేకు చట్రంలో అద్దాలు బిగించి, నీళ్లు కారకుండా సందులకు లప్పం పెట్టి, మూరెడు తొట్టి చేసి తెచ్చాడు. మా వాడకట్టులో అదే మొదటిది.

మంజీర కంకర తెప్పించి జానెడు మందాన పోశాను. ఎంత ఎత్తుంటే అంత దర్జా అనుకున్నాను. సాబు చూసి తల అడ్డంగా ఊపాడు.

"గింత కంకరెందుకమ్మా? ముందల రెండు వేళ్లు, ఎన్క మూడు వేళ్లు, గంతే సాలు. మీరేసే మెతుకులు సందులల్లకు దిగి కుళ్లుతయి. నీళ్లు ఖరాబైతయి. మా ఇంటి నీళ్ల హౌజుల సూసిన."

"నీ పని అద్దాలు కోసుడు సాబూ. చేపల ముచ్చట నాకిడిసిపెట్టు."

పది రోజులకు తొట్టిలో వేసిన చిటికెనవేలంత చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఏమైందని మా ఆయన అడిగాడు. "లప్పంల జహరుంది," అన్నాను. సాబు పెట్టిన లప్పమే విషమని. ఎందుకన్నాను? నవ్వుతారని భయమా? సాబు మాటే నిజమైందేమోనన్న ఉక్రోషమా? రెండూ కావచ్చు.

ఆయన బజారుకు పోయి పదిమందిలో సాబును నానా మాటలు అన్నాడు. ఆ మధ్యాహ్నం తొట్టి ఖాళీ చేస్తుంటే అడుగు కంకర నల్లగా, కుళ్లిన గుడ్ల వాసనతో బయటపడింది. నాకు తెలిసిపోయింది. అప్పుడైనా నోరు విప్పవచ్చు. విప్పలేదు. కంకరను పెరట్లో పారబోసి, తొట్టిని తోమి లప్పం మార్చమని సాబు దగ్గరికి పంపాను.

సాబు కొత్త లప్పం పెట్టి తొట్టిని తానే తెచ్చి అరుగు మీద పెట్టాడు. నా వంక చూడలేదు. తొట్టి చేయించుకుందామనుకున్న మరో రెండు ఇళ్లవాళ్లు మానుకున్నారు. సాబు మళ్లీ తొట్లు చేసే జోలికి పోలేదు.

నేను మాత్రం గెలిచాను. కంకరను ఏడు నీళ్లలో కడిగి, ముందు రెండు వేళ్లు, వెనక మూడు వేళ్ల మందాన వాలుగా పరిచాను. నాటిన నీటి మొక్కలు వేళ్లూనాయి. నీళ్లు అద్దంలో అద్దంలా నిలిచాయి. కొత్తగా వేసిన చేపలు గుడ్లు పెట్టి, ఆవగింజంత పిల్లలు ఈదిన రోజు నేను పెరట్లో గంతులేశాను. రుద్రూర్ నుంచి కూడా చూడ్డానికి వచ్చేవారు. కంకర కొలత ఎవరు చెప్పారంటే, నా ఆలోచనేనని నవ్వేదాన్ని. ఆ ఆనందం అబద్ధం కాదు. కానీ అన్ని మెచ్చుకోళ్లు విన్నా, ఏ పూటా మారు వడ్డించుకోబుద్ధి కాలేదు.

సాబు పోయి ఆరేళ్లయింది.

నిన్న ఎదురింటి సక్కుబాయి కొత్త తొట్టి కొనుక్కుని, నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని వచ్చింది.

"కంకర ఎంత మందం పొయ్యాలె అక్కా?"

మా ఆయన పక్కనే పేపరు చదువుతున్నాడు.

"ముందల రెండు వేళ్లు, ఎన్క మూడు. ఈ కొలత నాది కాదు, లాంతర్ల రహీం సాబుది. ఆయన లప్పంల జహర్ లేకుండె. చేపలను నేనే సంపిన. తెలిసి కూడా ఆయన మీదికి తోసిన."

ఎంత గట్టిగా చెప్పానో నాకే ఆశ్చర్యం! సక్కుబాయి తల దించుకుంది. మా ఆయన పేపరు మడిచి, లేచి బయటకు వెళ్లిపోయాడు. ఇప్పటికీ మాట్లాడలేదు. మాట్లాడకపోయినా న్యాయమే. క్షమించాల్సిన మనిషి ఎలాగూ లేడు.

నిన్న కడుపునిండా అన్నం తిన్నాను. ఇరవై ఏళ్లలో మొదటిసారి మారు వడ్డించుకున్నాను.