అక్కయ్య ఇంటి అతిథుల జాబితా

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ముమ్మిడివరంలో అక్కయ్య ఇంటికి వెళితే, కొత్త ఫోను నా చేతిలో పెట్టి, పాత దానిలో ఉన్న ఆటను ఇందులోకి మార్చమంది. మార్చాను. ఆటలో ఆమె కట్టుకున్న ఇల్లు తెర మీద కనబడగానే, కొన్నేళ్ళ కిందట ఒక ఉదయం కాఫీ తాగుతూ ఆ ఇంటి అతిథుల జాబితాలోంచి నేనొక పేరు కొట్టేసిన సంగతి గుర్తొచ్చి, తలెత్తి అక్కయ్య ముఖంలోకి చూడలేకపోయాను.

అవి కరోనా రోజులు. అమలాపురంలో ఉన్న నేను ముమ్మిడివరం వెళ్ళడానికి కూడా లేదు; హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మా అక్కయ్య ఒంటరిగా కూర్చుని బెంగపడుతోందని మా మేనకోడలు ఆ ఆటను ఆమె ఫోనులో పెట్టింది. అందులో ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకోవచ్చు, మొక్కలు పెంచుకోవచ్చు, చేపలు పట్టి వండుకోవచ్చు. ఎక్కడెక్కడి వాళ్ళో ఇల్లు చూడడానికి వస్తారు. ఎవరు అరుగు దాకా రావాలో, ఎవరు లోపలికి రావచ్చో, ఎవరు సామాను ముట్టుకోవచ్చో ఇంటివాళ్ళే నిర్ణయించాలి. అక్కయ్య తలుపులన్నీ బార్లా తీసి పెట్టింది. ఒకరోజు ఎవరో ఆకతాయిలు వచ్చి కుర్చీలూ బల్లలూ పట్టుకెళ్ళి వాకిట్లో పడేసి పోయారు.

“ఒరేయ్ తమ్ముడూ, పేపర్లో ఎవరిది వెయ్యాలో ఎవరిది తియ్యాలో ఇన్నేళ్ళు చూసేవు కదా, నా గుమ్మం దగ్గర కూడా నువ్వే కూర్చోరా, జీతం మాత్రం అడక్కు” అని నవ్వుతూ నాకూ యజమాని హక్కులు ఇచ్చింది.

నిజం చెప్పాలంటే గర్వపడ్డాను. ముప్పయ్యేళ్ళు పత్రిక డెస్కులో, చిరునామా లేని ఉత్తరాన్ని అనుమానంగా చూడడం నేర్చిన వాణ్ణి కదా, రోజూ పొద్దున్నే నా ఫోనులో ఆ ఇంటి రాకపోకల చిట్టా తెరిచి, దినపత్రిక చదివినంత శ్రద్ధగా చదివేవాణ్ణి. ఎవరు వచ్చారు, ఏం కదిపారు, ఏం తీసుకెళ్ళారు, అన్నీ అందులో ఉండేవి. నాలుగు ఇంగ్లీషు అక్షరాల పక్కన మూడంకెలున్న ఒక పేరు రోజూ సాయంత్రం కనిపించేది. ఒక ఉదయం ఆ పేరు పక్కన, వంటగదిలోంచి గిన్నె ఒకటి తీసుకెళ్ళినట్టు ఉంది. ఇంకేముంది, దొంగ దొరికిందనుకున్నాను. పత్రికలో అయితే ఎంతటి వాడి మీద ఆరోపణ వచ్చినా అవతలి వాడి మాట కూడా వేసుకునే వాళ్ళం. ఆ రోజు ఎవరినీ ఏమీ అడగలేదు. పేరు కొట్టేసి, మళ్ళీ రాకుండా నిషేధం పెట్టి, కాఫీ పూర్తి చేశాను.

మూడో రోజు అక్కయ్య ఫోను చేసింది. “ఆవిడ రావట్లేదురా” అంది. ఎవరని అడిగితే అప్పుడు చెప్పింది. ఆవిడది రాజోలు వైపట, ఆ మధ్యనే భర్త పోయేరట, రోజూ సాయంత్రం ఇద్దరూ ఆ అరుగు మీదే కూర్చుని కబుర్లాడుకుంటారట.

“చేపల పులుసు చేసి గిన్నెతో పంపేను. ఖాళీ గిన్నె ఎలా తెస్తుంది పాపం, అందులో ఏం పెట్టి తేవాలా అని వెతుక్కుంటోంది కాబోలు.”

మా చిన్నప్పుడు పక్కింటికి కూర గిన్నె పట్టుకెళ్ళేది నేనే. తిరిగొచ్చే గిన్నెలో నాలుగు పచ్చిమిరపకాయలో, ఏమీ లేకపోతే చిటికెడు పంచదారో ఉండేది. అంతా తెలిసిన నేనే, చిట్టాలో రాసి ఉన్న ఒక్క ముక్క చూసి దాన్ని దొంగతనంగా చదివాను. “ఆఁ, అదే అయ్యుంటుంది” అన్నాను అక్కయ్యతో. మొదటిది పొరపాటనుకున్నా, ఈ రెండోది పొరపాటు కాదు.

ఆ సాయంత్రమే నిషేధం ఎత్తేశాను. కానీ నిషేధం పెట్టిన మరునాడే ఆవిడ ఆటలోని తన స్నేహితుల జాబితాలోంచి అక్కయ్యను తీసేసింది. మేనకోడల్ని అడిగితే, “ఇంక మనం పిలవలేమండి మావయ్యగారూ, ఆవిడంతట ఆవిడే రావాలి. మీ రాక మాకిష్టం లేదని ఆవిడకి అమ్మ పేరు మీదే కబురు వెళ్ళిపోయింది కదండీ” అంది. అమ్మకు చెప్పొద్దని ఆ పిల్లను బతిమాలుకున్నాను.

ఆ తరువాత ఊళ్ళలో మరణాలు ఎక్కువయ్యాయి. ఆవిడకేమైందోనని అక్కయ్య భయం. అసలు పేరు తెలియక, ఆ అక్షరాలనూ అంకెలనూ అలాగే పలుకుతూ, ఫోనులో చేసుకునే కుటుంబ ప్రార్థనలో ఆవిడ క్షేమం కోరేది. ఆవిడ రాకపోవడానికి కారణం జబ్బు కాదని తెలిసిన నేను ఇవతల నుంచి ‘ఆమెన్’ అనేవాణ్ణి.

వెనకటి రోజుల్లో మనిషిని గుమ్మంలోంచి పొమ్మనాలంటే ముఖం చూసి అనాలి. అన్నాక మనసు పీకితే, మర్నాడు పెరటి దారిన వెళ్ళి తల వంచుకుని నిలబడవచ్చు. పత్రికలోనూ తప్పు పడితే మర్నాడు ఒక మూల చిన్న సవరణ వేసే వాళ్ళం. ఇప్పుడు పొమ్మనడానికి ఒక వేలు చాలు, రమ్మనడానికి దారి లేదు.

మొన్న ఫోను తిరిగి ఇస్తుంటే, “ఆవిడ గానీ వచ్చిందేమో చూడరా” అంది అక్కయ్య. చూశాను. రాలేదన్నాను. ఫోను ఆమె చేతిలో పెట్టి చెప్పులేసుకున్నాను. రాజోలు వైపు ఎక్కడో ఉన్న ఆ మనిషికి, తనను వద్దన్నది అక్కయ్య కాదని ఈ రోజుకీ తెలియదు.