హాజరు పట్టీలో పూర్తి పేర్లు

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని పాఠంగా చెప్పి బతుకుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఇంట్లోవాళ్ళ ముందు నోరు పెగల్లేదు.

ఉండేది అమెరికాలో, పిస్కాటవేలో, పని ఒక సహాయ సంస్థలో. యుద్ధంలో చితికిపోయిన ఒక దేశంలో స్త్రీ పురుష సమానత్వ కార్యక్రమాలు నడిపేదాన్ని. ఏడాదికి మూడుసార్లు వెళ్ళి రావడం, మిగతా రోజులు ఇక్కడ కూర్చుని రిపోర్టులు రాయడం. ఆ దేశం పేరు చెప్పను. అక్కడ మా పని చూసుకున్న ఆవిడను నదియా అంటాను, అసలు పేరు అది కాదు. పేరు దాచాలన్న బుద్ధి నాకు ఇప్పుడొచ్చింది!

నదియా ఇరవైమంది ఆడవాళ్ళను పోగుచేసింది. బయటికి అది కుట్టు క్లాసు. లోపల, ఇంట్లో కొడితే ఎవరికి ఎలా ఫిర్యాదు చేయాలో నేర్పేవాళ్ళం. మాటలు వీధిలోకి వినపడకుండా ఇద్దరు ముగ్గురు మిషన్లు తొక్కుతూనే ఉండేవాళ్ళు.

మా ఆఫీసు నియమం ప్రకారం హాజరు పట్టీ మీద శిక్షణ అసలు పేరు, కింద ప్రతి మనిషి పూర్తి పేరు, ఊరు, సంతకం ఉండాలి. నదియా మాత్రం కుట్టు క్లాసు అని రాసి పొడి అక్షరాలు వేయించేది. ఆడిట్‌లో అవి చెల్లలేదు. ఆ తడవ వెళ్ళినప్పుడు అచ్చు పట్టీలు నేనే పట్టుకెళ్ళాను.

"పేర్లు వద్దు మేడమ్. ఈ కాగితాలు చెక్‌పోస్టు దాటాలి. అక్కడ తుపాకులు పట్టుకుని నిలబడేది వీళ్ళ మొగుళ్ళూ అన్నదమ్ములే" అంది.

"సంతకాలు లేకపోతే క్లాసు జరగలేదంటారు. ప్రాజెక్టే ఆగిపోతుంది."

"ఆగితే మళ్ళీ మొదలెడదాం."

"నువ్వు రాయిస్తావా, వేరేవాళ్ళకు చెప్పనా?"

నదియా పట్టీ అందుకుంది. అందరికంటే ముందు తన పేరే రాసింది.

ప్రాజెక్టు ఆగిపోతుందని ఎవరికోసం భయపడ్డాను? ఆ ఆడవాళ్ళకోసమా? కాదు. ప్రాజెక్టు పోతే నా ఉద్యోగం, ఉద్యోగం పోతే హెచ్‌-1బి వీసా, అది పోతే మా అమ్మాయి చదువు మధ్యలో ఉండగా పెట్టెలు సర్దుకోవడం, ఇవన్నీ వరుసగా లెక్కేసుకుని, ఆ భయానికి ఆఫీసు నియమం అని పేరుపెట్టి ఆమె ముందు నిలబెట్టాను.

చెక్‌పోస్టులో ఆ పట్టీలు తెస్తున్న మా సంస్థ కారు ఆపారు. కాగితాలు చదివారు. వారంలో క్లాసు మూతపడింది. చాలామందిని మళ్ళీ గడప దాటనివ్వలేదు. నదియాను భర్త ఇంట్లోంచి గెంటేసి, ఇద్దరు పిల్లల్నీ తన దగ్గరే ఉంచుకున్నాడు.

మా సంస్థ విచారణ వీడియో కాల్‌లో జరిగింది. పూర్తి పేర్లు రాయించింది ఎవరని అడిగారు. "లోకల్ కోఆర్డినేటర్" అన్నాను. నాలుక తడబడలేదు కూడా. ఆ మాటే రాసిన విచారణ కాగితం ఆమె ఇంటి చిరునామాకు పంపి, ఆమెను తీసేశారు. నాకు ప్రమోషన్ వచ్చింది.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకు జాగ్రత్తలు నేర్పుతాను. నా మూడో స్లైడ్ ఆమే: ఒక స్థానిక ఉద్యోగి చేసిన పొరపాటు. మొన్న ఒక తెలుగు పిల్ల, ఇక్కడే పుట్టింది, లంచ్ దగ్గర అడిగింది.

"ఆంటీ, ఆ లేడీకి తర్వాత ఏమైంది?"

తెలియదన్నాను. సగం తిన్న డబ్బాకు మూత పెట్టేశాను.

తెలుసు నాకు. అంతకు వారం ముందే నదియా మెసేజ్ పెట్టింది. పిల్లలకోసం కోర్టుకెళ్ళిందట. ఇరవైమందిని ప్రమాదంలోకి నెట్టిన మనిషికి పిల్లల్ని ఎలా ఇస్తారని భర్త మా విచారణ కాగితమే చూపించాడట. పేర్లు వద్దన్నది తనేనని నన్నొక ఉత్తరం రాసిమ్మంది. ఒక్క నిష్ఠూరం లేదు. మేడమ్ అనే పిలిచింది. నేను చదివినట్టు ఆమె ఫోన్‌లో రెండు నీలం గీతలు పడే ఉంటాయి.

నా గ్రీన్ కార్డు ఇంకా ఈ సంస్థ చేతుల్లోనే ఉంది. ఉత్తరం రాస్తే నేనేమవుతానో తెలుసు. రాయకపోతే ఆమె ఏమవుతుందో కూడా తెలుసు. తెలిసీ ఇన్ని రోజులు ఎలా ఊరుకున్నాను? ఎన్నోసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ "పరిస్థితుల దృష్ట్యా", "అందరం కలిసి తీసుకున్న నిర్ణయం" అని రిపోర్టు భాషే వచ్చింది. చెరిపేశాను.

ఇక్కడైనా సూటిగా రాస్తాను. పేర్లు వద్దన్నది ఆమె. రాయించింది నేను. అబద్ధం చెప్పింది నేను.

రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఉత్తరం ఇంకా పంపలేదు. కోర్టు వాయిదా వచ్చే మంగళవారం.