పెద్దమ్మ ఎడమ పక్క

పెద్దమ్మ పోయిందనే కబురు మొన్న ఉదయం, తిరుత్తణిలో నేను బడికి బయల్దేరుతుండగా వచ్చింది. "నిద్రలోనే పోయినాది అక్కా" అన్నది ఫోన్లో ఆమె కూతురు. "నిద్రన్నా పట్టినాది కదా" అని మళ్ళీ తనే అన్నది. వాళ్ళ ఊరు వెంగల్‌కు వెళ్తున్నంతసేపూ ఆ మాటే నాతో వచ్చింది.

మీలో ఆమెను ఎరిగినవాళ్ళు తక్కువే. వెంగల్ చుట్టుపక్కల మడుల్లో నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ బతికిన మనిషి. ముట్టుకోకుండా మాట్లాడడం ఆమెకు చేతకాదు. మంచి కబురైతే వీపు చరిచేది, చెడ్డ కబురైతే మన చేతిని తన ఒళ్ళో పెట్టుకునేది. మా అమ్మ పోయినప్పుడు ఒక్క ఓదార్పు మాటా చెప్పలేదు. నా చెయ్యి వదల్లేదు, అంతే.

కొన్నేళ్ళ కిందట ఆమెకు ఎడమ పక్కన, రొమ్ము కింది నుంచి వీపు దాకా అక్కి లేచింది. నాటు వైద్యమని కుమ్మరాయన చేత దాని మీద కావితో రాయించుకుంది, మాత్రలూ మింగింది. పొక్కులు ఎండి రాలిపోయాయి. నొప్పి మాత్రం పోలేదు. తిరువళ్ళూరులో డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.

"ఎరిచ్చలా, కుత్తలా?" అని అరవంలో అడిగాడాయన. మంటా, పోటా అని.

"అన్నీ సామీ. ఒగసారి మిరప్పొడి పూసినట్ల మండుతాది. ఒగసారి కరెంటు కొట్టినట్ల జిల్లుమంటాది. చీమలు పారినట్ల ఉంటాది, చూస్తే ఒగటీ ఉండదు. గిల్లితే తెలీదు, రవిక తగిలితే ప్రాణం పోతాది."

అక్కి మానినా నరం మానలేదని, కొందరికి ఇది పోదని ఆయన చెప్పాడు. ఇచ్చిన మందులకు కళ్ళు తిరిగేవి. నొప్పి కాస్త సద్దుమణిగి, మళ్ళీ లేచేది.

చూడవచ్చినవాళ్ళు ఆ చర్మం చూసి, "ఏమీ లేదే" అనేవాళ్ళు. "పుండైతే ఈగలన్నా నమ్ముతాయి" అనేది పెద్దమ్మ. అరవవాళ్ళ ఆడినెలలో పెరియపాళయం అమ్మవారికి, ఒంటికి వేపాకులే చుట్టుకునే వేపాకు చీర మొక్కుకోమని ఒకామె చెప్పింది. "గుడ్డే ఓర్చుకోలేకుండా ఉండాను, ఆకు యాడ ఓర్చుకుంటా?" అంది పెద్దమ్మ. కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు.

ఒక సాయంత్రం నా కళ్ళ ముందే, మనవరాలు పరుగున వచ్చి ఆమె నడుం వాటేసుకుంది. పెద్దమ్మ కేక పెట్టి బిడ్డను తోసేసింది. బిడ్డ బెదిరి బయటికి పరుగెత్తింది. ఆ తర్వాత కుడి పక్క తట్టి చూపిస్తూ, "ఈ పక్కకు రా తల్లీ. ఈ పక్క నేను మంచిదాన్నే" అని ఎంత పిలిచినా ఆ పిల్ల గడప దాటి లోపలికి రాలేదు. ఏం చేయాలో నాకు తెలియలేదు. చేయడానికి ఏమీ లేదు కూడా. గాలి తగిలినా గుచ్చుతుందని ఫ్యాను ఆపేసి, ఇద్దరం చెమటలో అట్లాగే కూర్చున్నాం.

మొన్న నేను వెళ్ళేసరికి పెద్దమ్మకు కడసారి నీళ్ళు పోస్తున్నారు. కొత్త చీర కడుతూ ఎడమ పక్కకు వచ్చేసరికి ఆడవాళ్ళందరం చేతులు ఆపేశాం. కూతురు వంగి, అక్కడ అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.